డ్రాయింగ్ పీరియడ్‌ని ఎవరికీ ఇచ్చేయకండి

(ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. హెడ్మాస్టరు గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఈ పూట కూలి వదులుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు, పేరుపేరునా నమస్కారం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో నేను 27 ఏళ్లు డ్రాయింగ్ మాస్టరుగా పనిచేశాను. అన్నేళ్లలో స్టాఫ్‌రూంలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: "సార్, ఈ రోజు మీ పీరియడ్ నాకిస్తారా? సిలబస్ మిగిలిపోయింది." లెక్కల సారు అడిగేవారు, సైన్స్ మేడం అడిగేవారు. వాళ్లను తప్పుపట్టను. టెన్త్ రిజల్ట్ తగ్గితే మీటింగులో నిలబడి సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే కదా. సరేనని ఇచ్చేసేవాణ్ణి. ఆ పీరియడ్ నాది కాదు, తరగతిలో కూర్చున్న 40 మంది పిల్లలది అని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఒక బడిలో ఒక సంవత్సరం దసరా నుంచి సంక్రాంతి దాకా ఎనిమిదో తరగతికి ఒక్క డ్రాయింగ్ క్లాసు కూడా జరగలేదు. కానీ రికార్డులో గ్రేడ్ వేయాలి. అందరికీ 'ఏ' వేసేశాను. రెండు రోజుల తర్వాత ఒక అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "సార్, నేనేం గీయలేదు కదా, నాకు 'ఏ' ఎందుకు వేశారు?" అని అడిగింది. ఆ పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ రోజు మీ ముందు మాట్లాడుతున్నది ఆ అమ్మాయికి బాకీపడిన జవాబే అనుకోండి.

మన ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ పురస్కారం వార్త పేపర్లో చదివిన మనలో ఎంతమందిమి మన పిల్లల్ని తీసుకెళ్లి ఆ పని చూపించాం? బస్సెక్కితే చేరుకునే దూరమే. తిరుపతికి, బెంగళూరు లాల్‌బాగ్‌కి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్తాం. నిమ్మలకుంటకు మాత్రం తీసుకెళ్లం.

నేనూ ఆలస్యంగానే మేలుకున్నాను. రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, తోలుబొమ్మలు చేసే ఒక పెద్దాయన్ను మా బడికి పిలిచాను. శుభ్రం చేసి ఆరబెట్టిన మేకతోలు, ఉలులు, చెక్కదిమ్మె, రంగులు అన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. ముందుగా తోలును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అవతల కిటికీ ఊచలు మసకగా కనబడ్డాయి. పిల్లలంతా లేచి నిలబడ్డారు. తోలు అంటే చెప్పు, బెల్టు అని తెలిసిన పిల్లలకు తోలులోంచి వెలుతురు రావడం కొత్త.

ఆ తర్వాత గీత గీయించాడు, ఉలి చేతికిచ్చాడు. బొమ్మ మెడలో హారం కావాలంటే రంగుతో వేయరు, రంధ్రాలు కొడతారు. దీపం వెనక పెట్టినప్పుడు ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే నగ. ఒక్కో రంధ్రం ఎంత ఎడంగా పడాలన్నదే పనంతా. మరీ దగ్గరగా పడితే మధ్యలో తోలు తెగిపోతుంది. దూరంగా పడితే హారం హారంలా ఉండదు, చుక్కల్లా ఉంటుంది. ఏడో తరగతి పిల్లవాడొకడు, మామూలుగా క్లాసులో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోనివాడు, గంటంబావు సేపు తలెత్తలేదు. కొట్టడం, ఎత్తి వెలుతురులో చూసుకోవడం, మళ్లీ కొట్టడం. లాంగ్ బెల్ కొట్టారు. వాడు లేవలేదు. "సార్, ఇంకో వరస ఉంది" అన్నాడు. 27 ఏళ్ల సర్వీసులో "ఇంకో వరస ఉంది" అని ఇంటికి పోకుండా కూర్చున్న పిల్లల్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాళ్లందరూ చేత్తో ఏదో ఒక పని చేస్తూ కనబడినవాళ్లే.

మర్నాడు తెల్ల పంచె ఒకటి తెరగా కట్టి, వెనక బల్బు పెట్టి బొమ్మల్ని ఆడించాం. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవారట. పెద్దాయన నవ్వించే బొమ్మలు జుట్టు పోలిగాణ్ణి, బంగారక్కను దించగానే పిల్లలు నవ్వుతో దొర్లిపోయారు. యుద్ధం వచ్చినప్పుడు కాలి కింద చెక్కలు టపటపా తొక్కి శబ్దం చేశాడు. చివరికి ఆ చెక్కలు తొక్కడానికే పిల్లలు పోటీపడ్డారు.

అక్కడే ఉన్న మా ఫిజిక్స్ సారు చాలా సంతోషపడ్డారు. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. "నాలుగు పీరియడ్లు చెప్పినా ఎక్కని పాఠం నాలుగు నిమిషాల్లో ఎక్కింది" అన్నారు. నాకూ సంతోషమే. కాకపోతే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కళ నేర్పితే లెక్కలు బాగా వస్తాయి, సైన్స్ అర్థమవుతుంది, మార్కులు పెరుగుతాయి అని మనమే కళ తరఫున బతిమాలుకుంటూ వస్తున్నాం. ఆ మాట అన్న రోజునే ఓడిపోతాం. మార్కుల కోసమే అయితే డ్రాయింగ్ ఎందుకు, నేరుగా ట్యూషన్ పెట్టిస్తాం అంటారు తల్లిదండ్రులు. వాళ్లు అడిగింది న్యాయమే అవుతుంది. పిల్లవాడు ఆ హారం కొట్టింది నీడల పాఠం కోసం కాదు. తన చేతిలో ఒక వస్తువు అందంగా తయారవుతోంది, దాన్ని ఎక్కడ ఆపాలో తనకే తెలియాలి, జవాబు పుస్తకం వెనక పేజీలో ఉండదు. ఈ అనుభవం మిగతా ఏ పీరియడ్‌లో దొరుకుతుందో మీరే చెప్పండి.

అమ్మల్లో ఒకరిద్దరు తలాడిస్తున్నారు. మీకు వేరే చెప్పక్కర్లేదు. ధనుర్మాసంలో పొద్దున్నే వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపే మీ చేతికి స్కేలు లేదు, రబ్బరు లేదు. పదిహేను చుక్కల ముగ్గు తప్పు లేకుండా కలిపే అమ్మ "నాకేం రాదు సార్, చదువుకోలేదు" అంటుంది నాతో. అలా అనకండమ్మా. పిల్లల ముందు అసలు అనకండి.

ఇది నా సొంత కోరిక మాత్రమే కాదు, చట్టంలో కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసి ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళను తప్పనిసరి సబ్జెక్టుగా పెట్టమంది. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య, పాఠాలకూ పాఠ్యేతరాలకూ మధ్య గోడలు ఉండొద్దంది. కాగితం మీద మనకు లోటు లేదు. అందుకే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లిదండ్రుల్ని నేను చేతులెత్తి అడుగుతున్నాను. బాత్రూంల గురించి, మధ్యాహ్న భోజనం గురించి అడిగినట్టే, "మా బడికి కళా బోధకులు ఎక్కడ?" అని కూడా అడగండి. మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాతలో ఉన్న ప్రశ్నకు ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పాల్సి వస్తుంది.

రాజమండ్రి వెళ్లినవాళ్లు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసే ఉంటారు. 1897లో పుట్టి 1925లోనే పోయారాయన. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. అంత చిన్న జీవితంలో మన తెలుగు చిత్రకళకు దారి వేసి వెళ్లారు. ఆ కుర్రవాడి చేతిలో విద్య ఉందని గుర్తించింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవడానికి దారి చూపించారు. అడివి బాపిరాజు గారూ ఆ కూల్డ్రే చేతికింద ఎదిగినవారే. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ "ఎంత గొప్ప గురువో" అంటారు. గొప్పవారే, సందేహం లేదు. నాకు మాత్రం ఇంకో ఆలోచన వస్తుంది. అదే రోజుల్లో కూల్డ్రే లాంటి ప్రిన్సిపాల్ లేని ఊళ్లలో ఎంతమంది రామారావులు పుట్టి ఉంటారు? వాళ్ల బొమ్మలు ఏ గోడ మీద బొగ్గు గీతలుగా చెరిగిపోయాయో! పిల్లవాడి అదృష్టం ఒక మంచి మనిషి ఎదురుపడటం మీద ఆధారపడకూడదు. అందుకే పోస్టు కావాలి, పీరియడ్ కావాలి, రంగులకు కొంత డబ్బు కావాలి.

ఇక వార్షికోత్సవం గురించి. పదిహేను రోజుల ముందు బయటి నుంచి డ్యాన్స్ మాస్టరు వస్తాడు. చురుగ్గా ఉండే ఎనిమిది మందిని ఏరుకుంటాడు. నిజం చెప్పాలంటే, కొంచెం తెల్లగా ఉన్నవాళ్లను ముందు వరసలో పెడతాడు. మిగతా పిల్లలు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. మన బళ్లలో చాలామందికి కళ అంటే మిగిలింది ఆ చప్పట్లే. పోటీలు వద్దనను, గెలిచిన పిల్లల ముఖం చూడటం నాకూ ఇష్టం. కానీ లెక్కలు బాగా వచ్చిన ఎనిమిది మందికే లెక్కల క్లాసు పెడతామంటే ఒప్పుకుంటారా? పాట సరిగా రాని పిల్లకే పాట క్లాసు ఎక్కువ అవసరం. గొంతు కలవని పిల్ల కూడా నలుగురితో కలిసి కోలాటంలో కర్ర తాళానికి వేయగలదు. ఒక్క అడుగు తప్పితే పక్కపిల్ల వేలికి దెబ్బ తగులుతుంది. పక్కవాళ్లను గమనించుకుంటూ ఆడటం అక్కడ వస్తుంది.

ఆఖరుగా కళాకారుల గురించి. మనం వాళ్లను పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, పంపించేస్తాం. నేను చెప్పిన ఆ పెద్దాయన ఇంటికి ఒకసారి వెళ్లాను. దండెం మీద మడతపెట్టిన శాలువాలు వరసగా ఉన్నాయి. "ఇవి కప్పుకుని ఎక్కడికి పోవాలి సార్? బస్సు చార్జీ ఇస్తే చాలు, వస్తా" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. నిమ్మలకుంటలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఆట కంటే ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలే ఎక్కువ చేస్తున్నారు. పొట్ట నిండాలి కదా, అందులో తప్పేం లేదు. కానీ రాత్రంతా పద్యం పాడుతూ రామాయణం ఆడించగల గొంతు ల్యాంప్‌షేడ్‌లో ఉండదు. ఆ గొంతు వినే పిల్లలు మన బడిలో ఉన్నారు. బడికి వచ్చిన కళాకారుడు ఒక రోజు పాఠం చెబితే ఒక రోజు జీతం ఇవ్వాలి. మేస్త్రికి ఇవ్వమా, ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వమా? ఊరి ఉత్సవానికి డీజే బాక్సులకు చందాలు వేసుకునే మనం, ఇంటికి ఇంత అని వేసుకుంటే ఏడాదికి నాలుగైదు రోజుల పాఠం కష్టం కాదు. పూర్వ విద్యార్థులు బెంగళూరులోను, హైదరాబాద్‌లోను ఉన్నారు. అమెరికాలోనూ కొందరు ఉన్నారు. బడికి ఏం కావాలని వాళ్లు ఫోన్ చేసినప్పుడు కంప్యూటర్లు అని చెప్పడం అలవాటైంది. ఈసారి రంగులు, డప్పు, హార్మోనియం, కళాకారుడి జీతం అని కూడా చెప్పండి.

హెడ్మాస్టరు గారితో పొద్దున మాట్లాడాను. శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు ఇస్తామన్నారు. లెక్కల సారు ముందే ఒప్పుకున్నారు, ఆయనకు నా ధన్యవాదాలు. పెద్దాయనకు ఫోన్ చేశాను. వస్తానన్నాడు. ఆయన రోజు కూలి ఈ నెల నా పెన్షన్‌లోంచి ఇస్తాను, వచ్చే నెల సంగతి కమిటీ చూడాలి. తోలు, ఉలులు ఆయనే తెస్తాడు. మనం సమకూర్చాల్సింది ఒక తెల్ల పంచె, ఒక పెద్ద బల్బు, కాలి కింద తొక్కడానికి రెండు చెక్కపలకలు. పంచె ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లు శుక్రవారానికి పిల్లల చేతికిచ్చి పంపండి. చిరుగుంటే పరవాలేదు, కుట్టుకుంటాం. నమస్కారం.