ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు: డాక్టర్ గారితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఒక జబ్బు తగ్గించుకుందామని ఆసుపత్రికి వెళ్తే అక్కడ ఇంకో జబ్బు అంటుకుంటే ఎలా? ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని చూసే మైక్రోబయాలజిస్ట్ మేడమ్ మనతో ఉన్నారు. నమస్కారం డాక్టర్ గారూ. అసలు ఇది ఎంతమందికి వస్తుందండీ?

డాక్టర్: నమస్కారమండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7 మందికి, మిగతా దేశాల్లో 15 మందికి కనీసం ఒక ఇన్ఫెక్షన్ అక్కడే అంటుకుంటోంది. అలా అంటుకున్నవాళ్లలో సుమారు పదో వంతు మంది దానివల్ల చనిపోతున్నారు. బాధ ఎక్కడంటే, చేతుల శుభ్రత, ఇంకొన్ని చవకైన జాగ్రత్తలతో వీటిలో 70 శాతం దాకా ఆపొచ్చని అదే నివేదిక చెప్పింది.

యాంకర్: మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. ఆసుపత్రి గాలి నిండా క్రిములే ఉంటాయంటారు. మాస్కు పెట్టుకుని వెళ్తే చాలా?

డాక్టర్: చాలదు బాబూ. గాలిలో వచ్చేవి ఉన్నాయి. టీబీ, తట్టు, ఆటలమ్మ అలా వస్తాయి. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉండొచ్చు. అలాంటి పేషెంట్లని వేరే గదిలో పెట్టాలి, గాలి బాగా ఆడాలి. కానీ వార్డులో ఒకరి నుంచి ఒకరికి పాకేవాటిలో ఎక్కువ భాగం చేతుల మీదుగానే పోతాయి. డాక్టర్ చెయ్యి, సిస్టర్ చెయ్యి, మీ చెయ్యి. మంచం రెయిలింగ్ పట్టుకుంటారు, అదే చేత్తో పేషెంట్ సెలైన్ సూది సర్దుతారు. మాస్కు పెట్టుకోండి, తప్పులేదు. చేతుల్ని మాత్రం మర్చిపోకండి.

కాలర్: శానిటైజర్ రాసుకుంటే సరిపోతుందా మేడమ్?

డాక్టర్: చేతులకి మురికి కనపడకపోతే సరిపోతుంది. కానీ రెండు చుక్కలు వేసుకుని ఊదుకుంటే కాదు. అరచేతిలో నిండుగా పోసుకుని, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివర్లు తడిసేలా 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు. విరేచనాలు అవుతున్న పేషెంట్ దగ్గర ఉంటే సబ్బూ నీళ్లే వాడాలి. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొర కప్పుకుని ఉండే దాని రూపాలు, ఆల్కహాల్‌కి చావవు.

యాంకర్: థాంక్యూ. తర్వాతి కాలర్.

కాలర్: హలో... హలో, వినపడుతోందా?

యాంకర్: వినపడుతోందమ్మా. టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: తగ్గించానండీ. నమస్కారం మేడమ్. మా నాన్నగారి గురించి. ఆయనకి 72 ఏళ్లు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, బాగానే అయిందన్నారు. పగలు మా అన్నయ్య ఉంటాడు, రాత్రి నేనుంటాను. నాకు పొద్దున్నే డ్యూటీ కదా, సరే, అది వదిలేయండి. ఆయనకి షుగర్ కూడా ఉంది. ఆపరేషన్ రోజు యూరిన్ పైపు వేశారు, అది ఇంకా అలాగే ఉంది. పక్క బెడ్ ఆయనకి యూరిన్ ఇన్ఫెక్షన్ అయి చలిజ్వరం వచ్చింది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. మా నాన్నకి ముందే యాంటీబయాటిక్ వేసేస్తే రాకుండా ఉంటుంది కదా?

డాక్టర్: ఉండదమ్మా. పైపు ఉందని ముందుజాగ్రత్తకి యాంటీబయాటిక్ వేస్తే, ఆ మందుకి లొంగే క్రిములు పోయి, లొంగనివి మిగులుతాయి. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే వాడటానికి మందుండదు. ముందు నేనడిగినదానికి చెప్పండి. ఆ పైపు ఇంకా ఎందుకుంచారు?

కాలర్: తెలీదు మేడమ్. అడగలేదు. పెద్ద డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు నలుగురైదుగురు ఉంటారు, హడావిడిగా వెళ్లిపోతారు. మనం అడిగితే ఏమనుకుంటారో అని...

డాక్టర్: ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు. మొహమాటపడకండి, అడగండి. పైపు ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. అందుకని రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు "ఈ పైపు ఈరోజు కూడా అవసరమా?" అని అడగాలి. సిబ్బంది అడగాల్సిన ప్రశ్నే అది. వాళ్లు మర్చిపోతే మీరు గుర్తు చేయండి. మూత్రం ఆగిపోవడం లాంటి కారణం ఉండి ఉంచారేమో, అదీ తెలుస్తుంది. మీరు మాత్రం లాగకండి. లోపల నీళ్లు నింపిన బెలూన్ ఉంటుంది, లాగితే మూత్రనాళం చీరుకుపోతుంది.

కాలర్: అయ్యో, ముట్టుకోను మేడమ్. బ్యాగ్ మాత్రం నేనే చూస్తుంటాను. నిండితే చెబుతాను.

డాక్టర్: బ్యాగ్ ఎక్కడుంటుంది?

కాలర్: మంచానికి తగిలించి ఉంటుంది. ఒక్కోసారి కిందికి జారి నేల మీద ఉంటుంది. నిన్న ఎక్స్‌రేకి తీసుకెళ్లారు, అప్పుడు వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి, బ్యాగ్ ఆయన ఒళ్లో పెట్టారు. నేనే పట్టుకోమన్నాను, కిందపడితే చిరుగుతుందని.

డాక్టర్: అదిగో, అదే వద్దన్నది. ఒడి అంటే మూత్రాశయం కంటే పైన. బ్యాగ్‌లో నిలవున్న మూత్రం పైపులోంచి వెనక్కి లోపలికి వెళ్తుంది. అందులో బాక్టీరియా ఉంటే నేరుగా మూత్రాశయంలోకి చేరుతుంది. ఎక్స్‌రేకి వెళ్లేముందు బ్యాగ్ ఖాళీ చేయించండి. వీల్‌చెయిర్‌కి కింద, సీటు కంటే దిగువన తగిలించమనండి. స్ట్రెచర్ మీద కాళ్ల మధ్య పెడతారు, అదీ వద్దు. ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు. పైపు మెలిక పడకూడదు.

కాలర్: సరే మేడమ్. మరి బ్యాగ్ ఖాళీ చేసేటప్పుడు?

డాక్టర్: మూడింట రెండు వంతులు నిండేలోపే చేయించండి. చేసేవాళ్లు చేతులు శుభ్రం చేసుకుని, కొత్త గ్లౌజులు వేసుకోవాలి. కింద కుళాయి లాంటిది ఉంటుంది చూడండి, దాని మూతి పాత్ర అంచుకి తగలకూడదు. ఒక వార్డు మొత్తానికి ఒకే పాత్ర, ఒకే గ్లౌజులతో మంచం మంచానికీ తిరుగుతూ ఖాళీ చేస్తుంటే ఆపండి. పక్క బెడ్ ఆయన ఇన్ఫెక్షన్ మీ నాన్నగారికి చేరే దారి అదే. గ్లౌజు వేసుకున్నది వాళ్ల చేతికి రక్షణ. మార్చకపోతే మీ నాన్నగారికి రక్షణ లేదు.

కాలర్: వాళ్లు గ్లౌజులు వేసుకునే ఉంటారు మేడమ్, నేను చూశాను. అందుకే నాకు ధైర్యంగా...

డాక్టర్: మార్చారా లేదా చూడండి. గ్లౌజులు తీశాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే, ఎందుకంటే తీసేటప్పుడు బయటివైపు చేతికి తగులుతుంది.

కాలర్: సరే మేడమ్. అయితే ఒక చిన్న కోర్సు యాంటీబయాటిక్...

డాక్టర్: ఇందాకే చెప్పానమ్మా, వద్దు. మూత్రం కొంచెం మబ్బుగా కనపడినా, పరీక్షలో బాక్టీరియా ఉందని వచ్చినా, జ్వరం, పొత్తికడుపులో నొప్పి, వణుకు లాంటివి లేకపోతే చాలాసార్లు మందు అవసరం ఉండదు. పెద్దవాళ్లలో ఉన్నట్టుండి మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా వెంటనే సిస్టర్‌కి చెప్పండి.

యాంకర్: అమ్మా, చాలామంది లైన్లో ఉన్నారు. థాంక్యూ. తర్వాత ఎవరు?

కాలర్: మేడమ్, నాకు ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయి, ఏ క్రీమ్...

యాంకర్: సార్, ఈరోజు టాపిక్ అది కాదు. చర్మ వైద్యులు వచ్చే కార్యక్రమానికి ఫోన్ చేయండి. తర్వాతి కాలర్.

కాలర్: మేడమ్, నేను నర్సింగ్ స్టూడెంట్‌ని. ఇవాళ మధ్యాహ్నం ఇంజెక్షన్ చేశాక సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు, తిడతారని.

డాక్టర్: ఎంతసేపయింది?

కాలర్: నాలుగు గంటలవుతోంది.

డాక్టర్: సబ్బుతో కడిగావా?

కాలర్: గట్టిగా పిండి రక్తం తీశాను. తర్వాత స్పిరిట్ రాశాను.

డాక్టర్: పిండకూడదు తల్లీ. ఇప్పుడైనా సబ్బూ నీళ్లతో కడుక్కో. ఈ ఫోన్ పెట్టేసి నేరుగా మీ వార్డు ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్లు. లేకపోతే క్యాజువాలిటీకి వెళ్లు. ఆ పేషెంట్‌కి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ ఉన్నాయా అని చూస్తారు. ఆ పేషెంట్‌కి హెచ్‌ఐవీ ఉన్నా సూదితో సోకే అవకాశం సుమారు 300కి 1 మాత్రమే, భయపడకు. కానీ హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు అవసరమైతే ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బీ టీకా వేయించుకున్నావా?

కాలర్: మూడు డోసులూ వేయించుకున్నాను.

డాక్టర్: మంచి పని చేశావు. టీకా లేనివాళ్లకి దానితోనే ఎక్కువ ప్రమాదం, 100కి 30 దాకా ఉండొచ్చు. ఇక ముందు వాడిన సూదికి మూత పెట్టొద్దు, వంచొద్దు, నేరుగా షార్ప్స్ డబ్బాలో, అంటే వాడిన సూదులు వేసే డబ్బాలో వేసెయ్. తిడితే తిట్టనీ, వెళ్లి చెప్పు. ఇప్పుడే వెళ్లు.

కాలర్: వెళ్తాను మేడమ్.

యాంకర్: తర్వాతి కాలర్, చెప్పండి.

కాలర్: మేడమ్, చేతులు కడుక్కోవడం గురించి ఇంతగా చెబుతున్నారు. అంత చిన్న విషయానికి ఇన్ఫెక్షన్లు నిజంగా తగ్గుతాయా?

డాక్టర్: ఒక సంగతి చెబుతాను సార్. వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు ప్రసూతి వార్డులుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవాళ్లు. ఇంకోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులోనే తల్లులు ఎక్కువగా జ్వరంతో చనిపోయేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టర్ గమనించింది ఏమిటంటే, ఆ వార్డు వాళ్లు పోస్ట్‌మార్టం గదిలోంచి నేరుగా కాన్పు గదికి వస్తున్నారు. 1847లో ఆయన క్లోరిన్ కలిపిన ద్రావణంతో చేతులు కడుక్కునే లోపలికి రావాలన్నారు. ఆ ఏప్రిల్‌లో 100 మంది తల్లులకి 18 మంది చనిపోతే, జూన్‌కి అది 2కి వచ్చింది. అప్పటికి బాక్టీరియా వల్ల జబ్బులొస్తాయన్న సంగతి ఎవరికీ తెలియదు. కళ్ల ముందు లెక్క కనపడుతున్నా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు అన్నీ తెలుసు. ఇప్పుడూ కడుక్కోకపోతే ఏమనాలి? నాకు కోపం వచ్చేది అక్కడే.

యాంకర్: థాంక్యూ సార్. ఇంకో కాల్... ఆ, ఇందాక మాట్లాడిన అమ్మే మళ్లీ చేశారు. త్వరగా చెప్పండమ్మా.

కాలర్: సారీ అండీ, ఒక్కటే. మేడమ్, మా అన్నయ్యకి ఫోన్ చేసి బ్యాగ్ సంగతి చెప్పాను. నాన్న చేతికి సెలైన్ సూది కూడా ఉంది, దాని చుట్టూ ఎర్రగా ఉందట. దీనికైనా యాంటీబయాటిక్...

డాక్టర్: అమ్మా, మీరు మూడోసారి అడుగుతున్నారు. మీ భయం నాకు అర్థమవుతోంది. రాత్రంతా నిద్రలేకుండా ఒక్కరే చూసుకుంటుంటే ఏదో ఒక మందు పడితే బాగుండుననే అనిపిస్తుంది. కానీ ఎర్రబడిన సూదికి మొదట చేయాల్సింది దాన్ని తీయించడం. మీ అన్నయ్యని ఇప్పుడే సిస్టర్‌ని పిలవమనండి. నొప్పి, వాపు, ఎరుపు ఏది కనపడినా చెప్పాలి. సెలైన్ ఆపేశాక "ఎందుకైనా మంచిది" అని సూది ఉంచేస్తుంటారు, అవసరం లేకపోతే అదీ తీసేయాలి. చీము, జ్వరం ఉంటే మందు సంగతి వాళ్లు చూస్తారు.

కాలర్: అడిగితే ఏమీ అనుకోరు కదా మేడమ్?

డాక్టర్: అనుకోరు. "సిస్టర్, ఒకసారి చూస్తారా, ఎర్రగా ఉంది" అనండి చాలు. ఎవరైనా నాన్నగారిని ముట్టుకోబోతుంటే మంచం పక్కనున్న శానిటైజర్ సీసా వాళ్ల చేతికి అందించండి. మాట కూడా అనక్కర్లేదు.

కాలర్: అది చేస్తాను మేడమ్. చాలా థాంక్స్.

యాంకర్: టైమ్ దగ్గరపడింది. ఇంకొకరు.

కాలర్: వచ్చే వారం నాకు హెర్నియా ఆపరేషన్ మేడమ్. ముందు రోజు ఇంట్లోనే రేజర్‌తో షేవింగ్ చేసుకుని రావాలా?

డాక్టర్: వద్దు సార్. రేజర్‌తో గీస్తే కంటికి కనపడని గాట్లు పడతాయి, వాటిల్లో బాక్టీరియా చేరుతుంది. వెంట్రుకలు తీయాల్సిన అవసరం ఉంటే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. సబ్బుతో స్నానం చేసి రండి. షుగర్ అదుపులో పెట్టుకోండి. సిగరెట్ ఉంటే ఇవాళే మానేయండి. యాంటీబయాటిక్ అవసరమైతే కోత పెట్టడానికి ముందు రెండు గంటల్లోపే ఇస్తారు, మీరు ఇంట్లో వేసుకుని రావొద్దు. కుట్ల దగ్గర చీము, ఎరుపు, పెరిగే నొప్పి నెల రోజుల్లో ఎప్పుడొచ్చినా చూపించుకోండి.

యాంకర్: చివరి కాల్, ఒక్క నిమిషం.

కాలర్: మేడమ్, మా చెల్లికి నెలలు నిండకుండా పాప పుట్టింది, ఐసీయూలో ఉంది. నాకు కొంచెం జలుబుగా ఉంది. మాస్కు పెట్టుకుని చూసి రావచ్చా?

డాక్టర్: వెళ్లొద్దమ్మా. అంత చిన్న పిల్లలకి మీ జలుబు ప్రాణం మీదికి వస్తుంది. పూర్తిగా తగ్గాక వెళ్లండి. వెళ్లినప్పుడు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి మోచేతుల దాకా కడుక్కోండి. ఫోన్ బయటే ఉంచండి.

యాంకర్: ధన్యవాదాలు డాక్టర్ గారూ. ఫోన్ చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు. లైన్ దొరకనివాళ్లు వచ్చే వారం ఇదే సమయానికి ప్రయత్నించండి. నమస్కారం.