ఆపరేషన్ అయ్యాక రక్తం ఏం చెబుతుంది?

అందరికీ నమస్కారం.

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి, కుట్లు విప్పాక ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, మొత్తం పోయినట్టేనా?" గడ్డ ఎంత లోతుకి దిగింది, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది అని బయాప్సీ రిపోర్టు చూసి మేం జవాబు చెబుతుంటాం. అదంతా తీసేసిన గడ్డ సంగతి. ఒంట్లో ఇంకేమైనా మిగిలిందా అన్నది ఆ కాగితంలో ఉండదు. దాన్ని రక్తంలో వెతికే పరీక్ష ఒకటుంది, రక్తంలో గడ్డ డీఎన్ఏ ఉందేమో చూసేది. దాని గురించే ఈ మాటలు.

కణాలు చనిపోతే వాటి డీఎన్ఏ ముక్కలై రక్తంలో కలుస్తుంది. రక్తంలో అలాంటి డీఎన్ఏ ఉందని 1948లోనే గుర్తించారు. డీఎన్ఏ అనగానే మన హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ, అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ గుర్తొస్తాయి. అందులో ఈ డీఎన్ఏ ఏ మనిషిదో తేలుస్తారు. ఇక్కడ మనిషి ఒక్కరే. ఏ ముక్క మంచి కణానిది, ఏది గడ్డది అని వెతుకుతాం. ఏపీసీ, కేరాస్, టీపీ53 లాంటి జన్యువుల్లో వచ్చిన మార్పులు గడ్డ ముక్కల్ని పట్టిస్తాయి. ఈ ముక్కలు సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతాయి. కాబట్టి ఆపరేషన్ అయిన నెలకి కూడా కనిపించాయంటే, అవి పాత గడ్డవి కావు. ఎక్కడో ఇంకా క్యాన్సర్ కణాలు బతికే ఉన్నాయన్నమాట.

2016లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం చూడండి. రెండో దశలో, అంటే జబ్బు లింఫు గ్రంథులకు పాకకముందే, ఆపరేషన్ అయి కీమో తీసుకోనివాళ్లలో 14 మందికి రక్తంలో గడ్డ డీఎన్ఏ దొరికింది. వాళ్లలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. దొరకనివాళ్లు 164 మంది. వాళ్లలో 16 మందికి వచ్చింది. ఆ 16 మందిని మర్చిపోకండి. నెగెటివ్ అంటే ఇక భయం లేదని రాసిచ్చినట్టు కాదు. ఊపిరితిత్తులకో, పొట్టలో పేగుల్ని కప్పి ఉండే పొరకో పాకిన జబ్బు రక్తంలోకి తక్కువ డీఎన్ఏ వదులుతుంది. అందుకే సీఈఏ అనే మామూలు రక్త పరీక్ష, స్కాన్లు, గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ మానకూడదు.

నా దృష్టిలో దీనివల్ల పెద్ద మేలు, అక్కర్లేనివాళ్లకి కీమో తప్పడం. 2022లో 455 మంది రెండో దశ రోగులతో జరిగిన అధ్యయనంలో, ఈ పరీక్షని బట్టి నిర్ణయించినప్పుడు 15 శాతం మందికే కీమో ఇచ్చారు. మామూలు పద్ధతిలో 28 శాతానికి. రెండేళ్లకి జబ్బు తిరగబెట్టనివాళ్లు రెండు వైపులా దాదాపు సమానమే. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకి ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీస్తేనే వేళ్లు జివ్వుమంటాయి. కొందరికి ఆ తిమ్మిరి ఏళ్ల తరబడి పోదు, చొక్కా గుండీలు పెట్టుకోలేరు. అక్కర్లేకుండా ఎవరికైనా ఆ బాధ ఎందుకు? మూడో దశ వేరు, జబ్బు అప్పటికే లింఫు గ్రంథులకు పాకి ఉంటుంది. అక్కడ నెగెటివ్ వచ్చింది కదా అని కీమో మానేయమని నేను చెప్పను.

ఈ పరీక్షకి ఖర్చు ఎక్కువ. "పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగెటివ్ వస్తే ఏం మారుస్తారు?" అని మీ డాక్టరుని ముందే అడగండి. ఏమీ మారదంటే ఆ డబ్బు స్కాన్లకి ఉంచుకోండి. రక్తం ఇందుకోసం చేసిన ప్రత్యేక ట్యూబుల్లోనే తీయాలి. మామూలు ట్యూబులో గంటల తరబడి ఉంటే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్ఏలో గడ్డ ముక్కలు కనబడకుండా పోతాయి.

జిల్లాల్లో ఆపరేషన్ చేయించుకుని ఇక్కడికొచ్చేవాళ్లు రిపోర్టు ఒక్కటే తెస్తారు. ఈ పరీక్షల్లో చాలావాటికి ముందు గడ్డలోని మార్పులు తెలియాలి. దానికి గడ్డ ముక్కని మైనంలో భద్రపరిచిన బ్లాక్ కావాలి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడే ల్యాబులో అడిగి, బ్లాక్ నంబరు రాయించుకోండి.