సీసాలో లేని నిప్పు

శ్రోతలకు నమస్కారం.

సాంబ్రాణి పొగ మనకు కొత్త కాదు. తలంటు పోసుకున్న బాలింత జుట్టుకు పట్టే పొగ, శుక్రవారం సాయంత్రం ఇల్లంతా తిప్పే పొగ. అలాంటి ధూపాన్ని ఒంటికి రాసుకునే పరిమళంగా మలిచినవాళ్లున్నారు. అందరినీ మెప్పించాలని కాకుండా తమ అభిరుచి కొద్దీ తయారు చేసే ఇలాంటివాటిని నీష్ పెర్ఫ్యూమ్‌లంటారు. నాకు బాగా ఇష్టమైనది ఒమన్ సంస్థ అమువాజ్ 2012లో తెచ్చిన ‘ఇంటర్‌లూడ్ మ్యాన్’. దాన్ని కూర్చినవారు పియెర్ నెగ్రాన్.

ఒమన్ దక్షిణాన ధోఫార్‌లో ఒక చెట్టు బెరడు గీస్తే తెల్లటి జిగురు కారి, కొన్నాళ్లకు గడ్డకడుతుంది. అరబ్బులు దాన్ని లుబాన్ అంటారు. ఈ పెర్ఫ్యూమ్‌లోని ధూపానికి మూలం అదే. ఆ చెట్లున్న నేలను, పాత వ్యాపార రేవులను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చెట్టుకు దగ్గరి చుట్టం మన శేషాచలం కొండల్లోనూ ఉంది. తూర్పు కనుమలు దాటి ఇంకెక్కడా అది సహజంగా పెరగదు!

అయితే లుబాన్ నూనెలో వెచ్చదనం ఉండదు. ఆవిరి పట్టి తీసిన ఆ నూనె నిమ్మతొక్క, మిరియాల వాసనతో చల్లగా, చురుగ్గా ఉంటుంది. మనకు తెలిసిన ధూపం వాసన రావాలంటే ఆ జిగురు నిప్పుల మీద పడాలి. సీసాలో నిప్పు లేదు కదా! అందుకే పెర్ఫ్యూమ్ చేసే మనిషి ఆ వేడిని వేరేవాటితో తెప్పించాలి. ఇంటర్‌లూడ్ మ్యాన్‌లో లాబ్డనం, ఓపోపనాక్స్ అనే జిగురులు, అంబర్ అనే తియ్యటి వెచ్చటి మిశ్రమం, తోలు వాసన, అగరు, గంధం ఆ పని చేస్తాయి. అసలు నేర్పంతా అక్కడే ఉందని నా నమ్మకం.

దీన్ని ఒంటికి స్ప్రే కొట్టుకోగానే ముందు వచ్చేది పిజ్జా మీద చల్లే ఒరెగానో ఘాటు. చాలామంది అక్కడే ముఖం చిట్లిస్తారు. దయచేసి అప్పుడే కడిగేసుకోకండి. తేలికైనవి ముందు ఎగిరిపోతాయి, బరువైన జిగురులు ఒంటి వేడికి నెమ్మదిగా విచ్చుకుంటాయి. కాసేపటికి పొగ తెలుస్తుంది. సాయంత్రానికి ఆ పొగ తియ్యగా మారి, చర్మాన్ని అంటుకుని ఉండిపోతుంది. మర్నాడు విప్పిన చొక్కా కాలర్‌లోనూ దొరుకుతుంది.

మన ఎండలకు మాత్రం ఇది ఎక్కువైపోతుంది, పక్కవాళ్లకు తలనొప్పి తెస్తుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వాడుకోండి, అదీ చొక్కా లోపల ఒక్కసారి కొడితే చాలు. ధర కూడా ఎక్కువే కనుక ముందు చిన్న శాంపిల్ తీసుకోండి. షాపులో ఇచ్చే కాగితం ముక్కను బట్టి నిర్ణయించకండి, కాగితానికి ఒంటి వేడి ఉండదు. చేతి మీద కొట్టించుకుని, ఇంటికి వెళ్లి, రాత్రి దాకా ఆగి చూడండి.