ఫోటో పెట్టొద్దన్నా అన్నాడు వాడు

మన హ్యూస్టన్ తెలుగువాళ్ళందరికీ నమస్కారమండి, ఉగాది శుభాకాంక్షలు. స్టేజీ మీదున్న పెద్దలకి, ప్రెసిడెంట్ గారికి, తెల్లారకుండానే లేచి పచ్చడికి మామిడికాయలు తరిగిన అక్కలకి, సౌండ్ చూస్తున్న తమ్ముడికి, పార్కింగ్ దగ్గర ఎండలో నిలబడ్డ పిల్లలకి, ఇంకెవర్నైనా మర్చిపోతే వాళ్ళకి కూడా. నాకిచ్చింది పది నిమిషాలు, రెండు ఇక్కడే అయిపోయాయి. కమ్యూనిటీ సర్వీస్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నేను చెప్పేది ఒకటే, అదీ డబ్బులడిగే మాట: పరాయివాళ్ళని చూసి చేసే దాడుల్లో దెబ్బతిన్నవాళ్ళ కోసం ఒక నిధి.

2017 ఫిబ్రవరి 22 గుర్తుందా? కాన్సస్‌లో ఒలేథా అని ఊరు, గార్మిన్ కంపెనీ ఉన్న ఊరు. కూచిభొట్ల శ్రీనివాస్, మేడసాని అలోక్ ఆఫీసయ్యాక రోజూ వెళ్ళే బార్‌కి వెళ్ళి బయట కూర్చున్నారు. ఒకడొచ్చి నా దేశంలోంచి పొండి అని తిట్టాడు, బయటికి పంపించేస్తే మళ్ళీ తుపాకీతో వచ్చి కాల్చాడు. శ్రీనివాస్ పోయాడు, 32 ఏళ్ళు. మన టెక్సస్‌లోనే, ఎల్ పాసోలో ఎంఎస్ చేశాడు. కాల్చినవాడు పారిపోయి ఇంకో ఊళ్ళో, ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పుకున్నాడంట. మనం ఎవరమో కూడా వాడికి తెలీదు! అప్పుడు మన తెలుగు సంఘమే ఒకటి, బయట నలుగురిలో తెలుగులో మాట్లాడటం తగ్గించండి అని సలహా ఇచ్చింది. మా అమ్మ కూడా ఫోన్లో అదే అంది, సరేనే అన్నాను, ఎక్కడ కుదురుతుంది, కాస్ట్‌కోలో మా ఆవిడని ఇంగ్లీషులో పిలిస్తే పలకదు.

సరే, డబ్బుల సంగతికొద్దాం. అప్పుడు జనం బ్రహ్మాండంగా ఇచ్చారండి, కాదనను, కొద్ది రోజుల్లోనే ఆన్‌లైన్‌లో లక్షల డాలర్లు పోగయ్యాయి. ఆ రోజు అదే బార్‌లో ఇయాన్ గ్రిలో అని 24 ఏళ్ళ కుర్రాడున్నాడు, మనోళ్ళతో ఏ చుట్టరికమూ లేదు, బల్ల కింద దాక్కుని తూటాలు లెక్కపెట్టి, ఇక అయిపోయాయనుకుని ఆ కాల్చినవాడి వెంట పడ్డాడు. లెక్క తప్పింది. తూటా చేతిలోంచి ఛాతీలోకి పోయింది. అతనికి ఇల్లు కొనుక్కోమని మన హ్యూస్టన్ ఇండియా హౌస్ వాళ్ళు లక్ష డాలర్లు పోగు చేసి ఇచ్చారు. మన ఊరు చేసిన పని అది, ఒకసారి చప్పట్లు కొట్టండి.

శ్రీనివాస్ భార్య సునయన గారి సంగతి ఎంతమందికి తెలుసు? ఆవిడ స్టేటస్, అంటే ఈ దేశంలో ఉండే హక్కు, భర్త వీసా మీద ఉంది. భర్త పోవడంతో అదీ పోయింది. అంత్యక్రియలకి హైదరాబాద్ వెళ్తే తిరిగి రాగలదో లేదో తెలీదు. అక్కడి కాంగ్రెస్‌మన్ ఒకాయన పూనుకుంటే గానీ కుదర్లేదు. చందాలతో తీరే బాధ కాదది, లాయర్ కావాలి, నెలల తరబడి కావాలి. ఇప్పుడావిడ ఫరెవర్ వెల్‌కమ్ అని సంస్థ పెట్టి ఇలాంటివాటి మీదే పనిచేస్తున్నారు.

కానీ నేను చెప్పాలనుకుంది ఇది కాదు. ఆ కేసు పేపర్లో పడింది, టీవీలో పడింది, ఫోటో ఉంది. ఫోటో లేనోడి సంగతేంటి?

మా పాత అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఒక కుర్రాడుండేవాడు, పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. స్టూడెంట్. రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్లో క్యాష్ మీద చేసేవాడు. తప్పే, ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీద అలా చెయ్యకూడదు, నాకు తెలుసు, మీకూ తెలుసు, మనలో ఎంతమంది చేశారో చేతులెత్తమని అడగను, ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. ఒక రాత్రి ఇద్దరొచ్చి సిగరెట్లు అడిగి, వీడి మాట తీరు వెక్కిరించి, మీ దేశం పో అని కౌంటర్ మీంచి లాగి కొట్టారు. గల్లా పెట్టె ముట్టుకోలేదండి, ఒక్క డాలర్ కూడా. నేను వెళ్ళేసరికి వాడు బాత్‌టబ్ అంచు మీద కూర్చుని, కళ్ళజోడు విరిగిన పుల్లకి ప్యాకింగ్ టేప్ చుడుతున్నాడు, ముందు పళ్ళు రెండు టిష్యూలో మడిచి సబ్బు పక్కన పెట్టుకున్నాడు. ఎందుకురా దాచావంటే, మళ్ళీ పెడతారేమో కదన్నా అన్నాడు.

911కి, అంటే పోలీసులకి, ఫోన్ చెయ్యొద్దన్నాడు. ఎక్కడ కొట్టారంటే ఏం చెప్పాలి? ఆన్‌లైన్‌లో చందాలకి గోఫండ్‌మీ పెడదామంటే ఫోటో పెట్టొద్దన్నా, అమ్మ చూస్తుంది అన్నాడు. నేనో పెద్ద తెలివిగలవాణ్ణి కదా, పేరు లేకుండా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను, మన స్టూడెంట్ ఒకడికి దెబ్బలు తగిలాయి, తలా ఇరవై డాలర్లు జెల్‌లో, అంటే ఫోన్లోంచే, పంపండి అని. పావుగంటలో ఎవరో కనిపెట్టేశారు. మొదటి రిప్లై ఏంటో తెలుసా? ఆ టైములో అక్కడేం చేస్తున్నాడు అని. సాయంత్రానికి వాళ్ళ అమ్మగారికి ఖమ్మం అవతల పల్లెటూరికి ఫోనెళ్ళిపోయింది. 340 డాలర్లు వచ్చాయి. పళ్ళకి డాక్టర్ ఇచ్చిన ఎస్టిమేటు ఎనిమిది వేల పైచిలుకు. ఆ సెమిస్టర్ అయ్యాక వాడు వెళ్ళిపోయాడు. నా నోటిదూల వల్లే అని నేను ఇప్పటికీ అనుకుంటాను, మా ఆవిడ కాదంటుంది.

మన టెక్సస్‌లో నేరానికి గురైనవాళ్ళకి పరిహారం ఉందండి, అటార్నీ జనరల్ ఆఫీసు ఇస్తుంది, 50 వేల డాలర్ల దాకా, ఆస్పత్రి, కౌన్సెలింగ్, పోయిన జీతం అన్నీ. మూడేళ్ళలోపు అప్లై చెయ్యాలి. చాలామందికి ఇది ఉందనే తెలీదు, దయచేసి రాసుకోండి. కానీ పోలీసులకి చెప్పి ఉండాలి. అక్కడే మనవాడు ఆగిపోయాడు. ఆ రోజు పక్కన ఒక లాయర్ ఉండి, భయపడకు, ఏది చెప్పాలో నేను చూస్తా అని ఉంటే? గంటకి మూడొందలిచ్చి లాయర్ని పిలిచే స్థితిలో వాడూ లేడు, అప్పుడు నేనూ లేను.

(బెల్లు కొట్టారు, విన్నానండి, రెండు నిమిషాలు.)

నేనడిగేది ముందే పోగేసి పెట్టుకునే నిధి. ఏదో జరిగాక ఏడ్చుకుంటూ లింకులు పంపేది కాదు. నెలకి పది డాలర్లు. మన సంఘం 501సీ3, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, కాబట్టి ఫలానావాడికే అని చందా తీసుకోకూడదు, అందరికీ కలిపి ఒక నిధి పెట్టొచ్చు. ముగ్గురు చూస్తారు, అందులో ఒకరు లాయరు, ఒకరు ఆడమనిషి. పేరు ఆ ముగ్గురు దాటి బయటికి రాదు, జనరల్ బాడీలో అడిగినా చెప్పరు. డబ్బు నేరుగా డాక్టరుకి, లాయరుకి, అద్దెకి వెళ్తుంది. తెలుగువాళ్ళకేనా అని ట్రెజరర్ గారు అడిగారు మొన్న. 2001లో సెప్టెంబర్ 15న ఆరిజోనా మేసాలో బల్బీర్ సింగ్ సోధీ గారని ఒక సిక్కు ఆయన్ని ఆయన గ్యాస్ స్టేషన్ ముందే కాల్చేశారు, తలపాగా చూసి. ఆ కాల్చినవాడు పాస్‌పోర్ట్ చూశాడా? ఇయాన్ మన భాష అడిగాడా? ట్రెజరర్ గారూ, మీ మీద కోపం కాదండి, మీరు మొన్న బెలూన్ల ఆర్చికి చెక్కు రాసినప్పుడు కూడా ఇంతే గట్టిగా అడిగుంటే బావుండేది అంతే.

అయిపోయింది, దిగుతున్నా. ఫారాలు పులిహోర కౌంటర్ పక్కన పెట్టాం. పెన్ను ఒకటే ఉంది, దయచేసి జేబులో వేసుకుపోకండి.