కొత్త ఉద్యోగం, మొదటి వారం, ఏం వేసుకోవాలి?

అందరికీ నమస్కారం.

ఆఫర్ లెటర్ అందుకున్నవాళ్లు పని గురించి, జీతం గురించి బాహాటంగానే అడుగుతారు. చివర్లో కాస్త గొంతు తగ్గించి మరో ప్రశ్న వేస్తారు: "మొదటి రోజు ఏం వేసుకుని రావాలండీ?" ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఒకప్పుడు దీనికి జవాబు కంపెనీయే చెప్పేది. ఐబీఎంలో దశాబ్దాల పాటు ముదురు రంగు సూటు, తెల్ల చొక్కా దాదాపు యూనిఫాంలా నడిచాయి. 1995లో ఆ పట్టుదల వదిలేశారు. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో దుస్తుల నియమాలే పది పేజీలు ఉండేవి. మేరీ బారా అక్కడ హెచ్.ఆర్. విభాగం చూస్తున్నప్పుడు వాటిని పక్కనపెట్టి, 'తగినట్టుగా వేసుకోండి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 2019లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు కూడా ఉద్యోగులందరికీ సడలింపు ఇచ్చింది.

పాతవాళ్లకు ఇది హాయే. కొత్తగా చేరేవాళ్లకే చిక్కు. పది పేజీలుంటే చదువుకుని వెళ్లొచ్చు. 'తగినట్టుగా' అంటే ఏమిటో తెలియాలంటే ఆ ఆఫీసులో కొన్నాళ్లు మసలాలి. మీరేమో ఇంకా గడపే తొక్కలేదు!

అందుకే నేను చెప్పేది ఒకటే. చేరకముందే బీరువా నింపకండి. మొదటి వారానికి సరిపడా రెండు మూడు జతలు చూసుకోండి, మిగతావి ఆఫీసు చూశాక కొనుక్కోవచ్చు.

ముందు అడగండి. కానీ "డ్రెస్ కోడ్ ఏమిటి?" అని అడిగితే "బిజినెస్ క్యాజువల్" అని జవాబు వస్తుంది, దాంతో మీకు ఒరిగేదేమీ ఉండదు. ఒకచోట దాని అర్థం కాలర్ చొక్కా, ఫార్మల్ ప్యాంటు, టై అక్కర్లేదని. ఇంకోచోట ముదురు రంగు జీన్స్ కూడా అందులోకే వస్తుంది. కాబట్టి విడమరిచి అడగండి: "మన టీమ్‌లో మామూలు రోజుల్లో జీన్స్ వేసుకుంటారా? క్లయింట్లు వచ్చినప్పుడు ఎలా వస్తారు?" అని. కంపెనీ వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి నిర్ణయించుకోకండి. ఫొటోగ్రాఫర్ వస్తున్నాడని తెలిసి తయారైనవాళ్లు వాళ్లంతా. గడ్డం, జుట్టు, మతానికి సంబంధించిన గుర్తుల విషయంలో సందేహం ఉంటే చేరకముందే మెయిల్‌లో అడిగి జవాబు తెచ్చుకోండి. ల్యాబ్‌కో, ఫ్యాక్టరీకో వెళ్లాల్సిన పనైతే కాలి వేళ్లు పూర్తిగా మూసే బూట్లు కావాలా అన్నది కూడా అడగండి.

వాళ్లు చెప్పినదానికంటే మొదటి రోజు ఒక్క మెట్టు పైన ఉండండి. ఎక్కువైందనిపిస్తే కోటు తీసి కుర్చీకి తగిలించొచ్చు, చొక్కా చేతులు పైకి మడుచుకోవచ్చు. తక్కువైతే సాయంత్రం దాకా చేయగలిగిందేమీ లేదు. అయితే ఒక్క మెట్టే సుమా. అందరూ టీషర్టుల్లో తిరిగే చోటికి టై కట్టుకుని వెళ్తే, కనబడిన ప్రతివాళ్లూ "ఇంకా ఇంటర్వ్యూలు జరుగుతున్నాయా?" అంటారు. ఇంకో సంగతి. చాలాచోట్ల ఐడీ కార్డు ఫొటో మొదటి రోజే తీస్తారు, అది ఏళ్ల తరబడి మీ మెడలో వేలాడుతుంది. తెల్లటి గోడ ముందు తెల్ల చొక్కా కలిసిపోతుంది. కాస్త రంగున్నది, గళ్లూ గీతలూ లేనిది మంచిది.

ఇక అసలు ఇబ్బంది పెట్టేవి కొత్త బట్టలు. ఆదివారమే ఒకసారి అన్నీ వేసుకుని చూడండి. నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు, పావుగంట కూర్చోండి. వంగండి, పైనున్న వస్తువు అందుకోండి. చొక్కా గుండీల మధ్య ఖాళీ కనిపించినా, ప్యాంటు నడుము బిగుసుకున్నా, చున్నీ కుర్చీ చక్రాల దాకా వేలాడినా అప్పుడే తెలుస్తుంది. కొత్త కోటుకు వెనక చీలిక దగ్గర ఇంటూ ఆకారంలో దారపు కుట్టు ఉంటుంది. అది డిజైన్ కాదు, దుకాణం చేరేదాకా ఆకారం చెడకుండా వేసింది. కత్తిరించేయాలి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. కొన్నాక కొన్ని రోజులు ఇంట్లో వేసుకు తిరగండి. మడమ ఒరుసుకుపోతూ ఉంటే ఎదుటివాళ్లు చెప్పే పేర్లు ఒక్కటీ బుర్రకెక్కవు.

పల్చటి స్వెటరో, కార్డిగనో బ్యాగులో పెట్టుకోండి, ముఖ్యంగా ఆడపిల్లలు. ఆఫీసుల ఏసీ లెక్కలకు వాడే నమూనా 1960ల నాటిది. అందులో శరీరం పుట్టించే వేడికి సగటు మగవాడి కొలతే ప్రమాణమని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎత్తి చూపించారు. చలి వేస్తోందంటే తప్పు మీది కాదన్నమాట.

వారం రోజులు చుట్టూ గమనించండి. పెద్ద బాస్‌ను చూసి బట్టలు కొనకండి, ఆయన ఏం వేసుకున్నా అడిగేవాళ్లు ఉండరు. మీకంటే ఒకటి రెండేళ్లు సీనియర్ అయి, బయటివాళ్లతో మీటింగులకు వెళ్లేవాళ్లను చూడండి. ఆ తర్వాత షాపింగ్‌కు వెళ్లండి. ప్యాంట్లు తక్కువ, చొక్కాలు ఎక్కువ కొనుక్కోండి. ఒకే నల్ల ప్యాంటు వారంలో రెండుసార్లు వేసుకున్నా ఎవరికీ పట్టదు. నలిగిన కాలర్ మాత్రం అందరి కళ్లలోనూ పడుతుంది కాబట్టి, డబ్బు మిగిలితే ఒక మంచి ఇస్త్రీ పెట్టె కొనుక్కోండి.