రాఫెల్ ప్రింట్‌ను ఎలా చూడాలి?

నమస్కారమండీ. ఇవాళ ఐదు వందల ఏళ్ల నాటి ప్రింట్ ఒకటి, అంటే రాగి రేకు మీద చెక్కి సిరాతో కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ, తెరిచి, దాంట్లో ఏమేం చూడాలో నేర్చుకుందాం. వీలైతే ల్యాప్‌టాప్‌లో చూడండి. జూమ్ చేసే పని చాలా ఉంది.

స్క్రీన్ మీద ఉన్నది హేరోదు రాజు బేత్లెహేములో పసిపిల్లల్ని చంపించిన బైబిల్ కథ. కత్తులు దూసిన సైనికులు, పిల్లల్ని పట్టుకుని పరిగెత్తే తల్లులు, వెనక రోమ్ నగరంలోని ఒక వంతెన. 1510 తర్వాత కొద్ది కాలంలోనే తయారైంది. చాలామంది దీన్ని చూడగానే ఇటలీ చిత్రకారుడు రాఫెల్ పెయింటింగ్‌కి నకలు అనుకుంటారు. అసలు ఈ బొమ్మను రాఫెల్ పెయింటింగ్‌గా వేయనే లేదు! ప్రింట్ కోసమే గీసి ఇచ్చాడు. రాగి రేకు మీద చెక్కింది మార్క్‌ఆంటోనియో రైమోండి.

ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ముందు అక్షరాలు వెతకండి. బొమ్మలోనే ఒక రాతి దిమ్మె ఉంది, అక్కడ జూమ్ చేస్తున్నాను. 'రాఫా. ఉర్బి. ఇన్వెన్.' అని లాటిన్‌లో ఉంది కదా. ఉర్బీనో ఊరి రాఫెల్ దీన్ని కల్పించాడని దానర్థం. దాంతోపాటు ఎం, ఏ, ఎఫ్ కలిపేసిన చిన్న గుర్తు మార్క్‌ఆంటోనియోది. తర్వాతి కాలపు ప్రింట్లలో, బొమ్మ కింది అంచున ఇలాంటి మాటలు ఇంకా కనిపిస్తాయి. 'పిన్‌క్సిట్' అని ఉంటే ఆ పేరు పెయింటింగ్ వేసినవాడిది. 'స్కల్ప్‌సిట్' అని ఉంటే చెక్కినవాడిది. 'ఎక్స్‌కుడిట్' అని ఉంటే అచ్చు వేయించి అమ్మినవాడిది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మ్యూజియం సైట్లలో ప్రతిసారీ పనికొస్తాయి.

ఇప్పుడు డ్రాయింగ్‌కి వద్దాం. ఈ బొమ్మకు రాఫెల్ గీసిన కలం డ్రాయింగ్ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కొన్ని మనుషుల బొమ్మల అంచుల వెంబడి సూదితో పొడిచిన చిల్లులు చూడండి. కింద ఇంకో కాగితం పెట్టి, ఈ చిల్లుల మీద బొగ్గు పొడి అద్దితే, కింది కాగితం మీద చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కలు కలిపితే అదే మనిషి, అదే భంగిమ. మన దగ్గర ముగ్గుల గొట్టం దొర్లించినట్టే అనుకోండి. అలా దించుకుని, మిగతా మనుషుల్ని చేరుస్తూ రాఫెల్ బొమ్మను పెంచుకుంటూ పోయాడు. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న ఎర్ర సుద్ద డ్రాయింగ్ ఆ తర్వాతి మెట్టు.

డ్రాయింగ్‌నూ ప్రింట్‌నూ పక్కపక్కన పెట్టండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. కలంతో నీడ వేసేటప్పుడు రాఫెల్ చేయి వేగంగా, వదులుగా పోతుంది. రాగి మీద ఆ వేగం కుదరదు. పదునైన ఉలితో లోహాన్ని తొలుచుకుంటూ వెళ్లాలి. అందుకే మార్క్‌ఆంటోనియో నీడ కోసం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కండరం ఎటు గుండ్రంగా తిరిగితే గీత కూడా అటే వంగుతుంది. నీడ చిక్కబడాలంటే దాని మీద అడ్డంగా ఇంకో వరస గీతలు వేస్తాడు. సైనికుడి వీపు మీద జూమ్ చేయండి, స్పష్టంగా కనిపిస్తుంది. దీన్ని కాపీ పని అని తీసిపారేసేవాళ్లంటే నాకు చిరాకు.

ఇంకో సంగతి. రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడి పడుతుంది. చెక్కేవాడు ముందే తిప్పి గీసుకోకపోతే కుడి ఎడమలు మారిపోతాయి. అందరూ ఎడమ చేత్తోనే కత్తి పట్టుకుని కనిపిస్తే అనుమానించండి.

పెయింటింగ్ ఉన్న బొమ్మల్లో కూడా తేడాలు ఉంటాయి. వాటికన్‌లో గోడ మీద రాఫెల్ వేసిన 'పర్నాసస్' చూడండి. గ్రీకుల సంగీత దేవుడు అపోలో చేతిలో ఆ కాలపు ఫిడేలు లాంటి వాద్యం ఉంది. మార్క్‌ఆంటోనియో ప్రింట్‌లో మాత్రం అపోలో లైర్ అనే పాతకాలపు తీగల వాద్యం పట్టుకున్నాడు, పైన ఆకాశంలో దండలు పట్టుకుని చిన్న పిల్లలు ఎగురుతున్నారు. గోడ మీద ఆ పిల్లలు లేరు. చెక్కినవాడి సొంత కవిత్వం అనుకోవద్దు. రాఫెల్ మనసు మార్చుకోక ముందు గీసిన డ్రాయింగ్ నుంచి ఈ ప్రింట్ వచ్చిందని పండితుల మాట. ఆ డ్రాయింగ్ పోయినా రాఫెల్ మొదటి ఆలోచన ప్రింట్‌లో మిగిలింది.

మొదట చూసిన హేరోదు కథ బొమ్మకు రెండు రేకులున్నాయి. ఒకదాంట్లో వెనక చెట్ల మధ్య మొన తేలిన చిన్న చెట్టు ఉంది, రెండోదాంట్లో లేదు. రెండూ మార్క్‌ఆంటోనియోవేనా అన్నది ఇప్పటికీ వాదనే. కాబట్టి మీరు చూస్తున్నది ఏ రేకు అచ్చో మ్యూజియం వివరాల్లో తప్పకుండా చూడండి. అన్నట్టు, ఈ మార్క్‌ఆంటోనియో అంతకుముందు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చెక్క అచ్చులను రాగి మీదికి దించి, డ్యూరర్ సంతకపు గుర్తు కూడా పెట్టేశాడు. డ్యూరర్ ఫిర్యాదు చేశాడనీ, చివరికి ఆ గుర్తు వాడొద్దని మాత్రమే తీర్పు వచ్చిందనీ ఇటలీ చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు.

ఇక మీరే చేసి చూడండి. విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ 1853 నుంచి రాఫెల్ బొమ్మల మీద వచ్చిన ప్రింట్లూ ఫొటోలూ పోగు చేయించాడు. 5,000కు పైగా ఉన్న ఆ సేకరణ బ్రిటన్ రాజకుటుంబపు కళాఖండాల సంస్థ రాయల్ కలెక్షన్ వాళ్లది. న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో కాపీరైట్ లేని పాత ప్రింట్ల పెద్ద ఫొటోలు ఉచితంగా దించుకోవచ్చు. అక్కడ రైమోండి పేరు కొట్టి 'పారిస్ తీర్పు' తెరవండి (పారిస్ అంటే ఊరు కాదు, గ్రీకు కథల్లోని యువరాజు). దీనికీ రాఫెల్ పెయింటింగ్ లేదు. కుడివైపు కింద మూలన కూర్చున్న ముగ్గురి మీద జూమ్ చేయండి. ఇద్దరు నదీదేవతలు, ఒక దేవకన్య. తర్వాత ఇంకో విండోలో ఫ్రెంచి చిత్రకారుడు మానె 1863 నాటి 'గడ్డి మీద భోజనం' తెరిచి, ఆ ముగ్గురి కాళ్లూ చేతులూ ఎక్కడ ఉన్నాయో పోల్చి చూడండి. ఏం మారిందో కింద కామెంట్‌లో రాయండి.