ట్యూబ్‌లైటు ఆపండి, రీసెట్ సంగతి తర్వాత!

ఏవండీ, ముందు ఆ రీసెట్ మీద నుంచి వేలు తియ్యండి. తీశారా? ఇప్పుడు తలెత్తి మీ గదిలో ఏ లైటు వెలుగుతోందో చూడండి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటా? అయితే మీ వీఆర్ హెడ్‌సెట్, అదే కళ్ళకి తగిలించుకుని ఆటలాడే ఆ పెట్టె, పాడవలేదు. మళ్ళీ చెప్తున్నానండి, పాడవలేదు! దానికి కనపడట్లేదు, అంతే.

ఆ రీల్ మీరంతా చూసే ఉంటారు. అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే. "వీఆర్ తేడా చేస్తోందా? రెండు బటన్లు నొక్కి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, కొత్తదైపోద్ది" అని ఒకడు అర నిమిషంలో చెప్పేసి వెళ్ళిపోయాడు. రీసెట్ అంటే లోపలున్నదంతా తుడిచేసి కొన్నప్పటిలా చెయ్యడం. అది తప్పు అని పోయిన వీడియోలో నేనంటే కింద నన్ను ఆడిపోసుకున్నారు. సరే, ఇవాళ ఎందుకు తప్పో మొత్తం విప్పి చెప్తాను, కూర్చోండి.

నా మాట ఒక్కటే. మన గోదావరి జిల్లాల్లో అటక మీదకి ఎక్కేసిన హెడ్‌సెట్లలో ఎక్కువ భాగం శుభ్రంగా పనిచేసేవే. తప్పు వాటిది కాదు, మన గదిది. గదిని వదిలేసి హెడ్‌సెట్‌ని తుడిచేస్తే ఏమొస్తుందండీ? తలనొప్పికి గుండు కొట్టించుకున్నట్టుంటుంది.

ఇది చూస్తుందెలాగో తెలుసా? మన దగ్గర ఎక్కువగా కనిపించే మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 తీసుకోండి. ముందువైపు నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. అవి గోడ, గుమ్మం, కిటికీ చువ్వలు, ఫ్యాను, గదిలో ఉన్నవన్నీ చూసుకుంటూ మీ తల ఎక్కడుందో, ఎటు తిరిగిందో క్షణక్షణం లెక్కగట్టుకుంటాయి. చేతిలో కంట్రోలర్ల రింగు చుట్టూ మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లుంటాయి, వాటినీ ఈ కెమెరాలే పట్టుకోవాలి. అంటే మొత్తం బండి నడిచేది కెమెరా మీదే. కెమెరాకి ఏం కావాలి? నికరమైన వెలుతురు కావాలి.

మన కరెంటు 50 హెర్ట్జ్ అండి. అంటే చోక్ ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మీ కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. ఈ మెటా కంపెనీ ఎక్కడిది? కాలిఫోర్నియాది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, లైటు మినుకు 120 సార్లు. ఊరికే అంటున్నానా? ఆ లెక్కలోనే తేడా ఉంది కాబట్టి మెటా వాళ్ళే సెట్టింగ్స్‌లో ఒక ఆప్షన్ పెట్టారు. ట్రాకింగ్, అంటే మీ తల, చేతులు ఎక్కడున్నాయో కనిపెట్టడం, అని ఉన్న చోటికి వెళ్తే ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది. ఆటో, 50, 60. ఇండియాలో ఉన్నప్పుడు అది 60 మీద ఉంటే ఎలా కుదురుతుందండీ? 50కి మార్చండి. ఆటో మీద ఉండి చేతులు వణుకుతున్నట్టు, నేల ఊగుతున్నట్టు కనిపిస్తోందా, అప్పుడూ 50 పెట్టి చూడండి. రూపాయి ఖర్చు లేదు. ఆ రీల్‌లో ఈ ముక్క ఉందా? లేదు! ఎందుకు లేదు? "సెట్టింగ్ మార్చండి" అంటే ఎవడూ షేర్ చెయ్యడు, "రెండు బటన్లు నొక్కండి" అంటే అందరూ చేస్తారు.

ఆగండి, ఇంకా ఉంది. మన ఊళ్ళకి ఈ హెడ్‌సెట్లు ఎలా వస్తాయో ఆలోచించారా? డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో బావగారు సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొస్తారు. అక్కడ ఆయన హాల్లో బౌండరీ, అంటే ఆడుకునే చోటుకి హద్దు, గీసుకుని వాడుకున్నది. ఆ హాలు లెక్క దాని బుర్రలో అలాగే ఉంటుంది. ఇక్కడ మీరు పాలకొల్లులో మీ ముందుగదిలో పెట్టుకుంటారు, నేల మోకాలి దాకా వచ్చినట్టు కనపడుతుంది, గోడ లేని చోట గీత వస్తుంది. "పోయింది" అంటారు. పోలేదండీ! సెట్టింగ్స్‌లో బౌండరీ దగ్గర పాత హిస్టరీ తుడిచెయ్యమని విడిగా ఆప్షన్ ఉంది. అది నొక్కి, మీ గదిలో కొత్తగా గీసుకోండి. తుడవాల్సింది పాత హాలు లెక్క ఒక్కటే, హెడ్‌సెట్ మొత్తం కాదు.

ఇప్పుడు మన ఇళ్ళు చూద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడుంది. గదిలో నిలువుటద్దం ఉన్న బీరువా. పక్కన గాజు తలుపుల షోకేసు, అందులో కొండపల్లి బొమ్మలు, పిల్లల కప్పులు. ఆ అద్దంలో కెమెరాకి ఇంకో గది కనపడుతుంది, ఇంకో రెండు కంట్రోలర్లు కనపడతాయి. ఏది నమ్మాలి అది? అద్దం మీద దుప్పటి కప్పండి. ఎదురు గోడకి పండక్కి తెల్ల సున్నం కొట్టి కేలెండరు కూడా తీసేశారనుకోండి, అదీ కష్టమే. ఖాళీ గోడలో కెమెరాకి పట్టుకోవడానికి గుర్తులుండవు. కేలెండరు మళ్ళీ తగిలించండి, ఇంకేదైనా బొమ్మ పెట్టండి. పెళ్ళికి కట్టిన సీరియల్ లైట్లు ఇంకా వేలాడుతున్నాయా? ఆ చిన్న చిన్న చుక్కలన్నిట్నీ కంట్రోలర్ లైట్లేమో అని అది తికమకపడుతుంది. తీసెయ్యండి. మధ్యాహ్నం మూడింటికి పడమటి గుమ్మంలోంచి ఎండ తిన్నగా లోపలికి పడుతుంటే ఆ పూట ఆడకండి, లేదా తలుపెయ్యండి. అలాగని చీకటి చేసెయ్యకండి, చీకట్లోనూ ట్రాకింగ్ పోతుంది. ట్యూబ్‌లైటు ఆపి, మంచి రకం ఎల్‌ఈడీ బల్బు వేసి చూడండి. చౌక ఎల్‌ఈడీ అయితే అదీ మినుకుతుంది, అందుకే మంచి రకం అంటున్నా.

పోయిన వేసవిలో మా వైపు ఒక తీర్థంలో వీఆర్ స్టాల్ పెట్టారు. రోలర్ కోస్టర్ చూపిస్తామని బోర్డు. రేకుల షెడ్డు, చుట్టూ రంగురంగుల సీరియల్ సెట్లు, నెత్తిన ట్యూబ్‌లైట్లు, పక్కన జెయింట్ వీల్ దీపాలు. ఎక్కిన ప్రతి పిల్లాడికీ కళ్ళు తిరిగి కక్కొచ్చేలా ఉంది. ఆ స్టాలాయన ప్రతి బేరానికీ మధ్య హెడ్‌సెట్ ఆపి మళ్ళీ వెలిగిస్తున్నాడు, "మాల్ మంచిది కాదండి" అంటున్నాడు. మాల్ బంగారంలాంటిది బాబూ! ఆ సీరియల్ సెట్లు తీసి, ఓ పక్క తెల్లగుడ్డ కాకుండా గీతల పరదా కట్టమని చెప్పాను. కట్టాడు. ఆ తర్వాత ఎక్కిన పిల్లలు నవ్వుకుంటూ దిగారు. నా కళ్ళతో చూశాను కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

ఇక చెమట. రోహిణి కార్తెలో కోనసీమ ఉక్క ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు లెన్సుల మధ్యన చిన్న సెన్సర్ ఉంటుంది, మీ నుదురు దగ్గరికి వచ్చిందని అదే కనిపెట్టి తెర వెలిగిస్తుంది. దాని మీద చెమట, పౌడరు, బొట్టు అంటుకుందనుకోండి, పెట్టుకుంటే తెర వెలగదు, లేకపోతే తీసినా ఆరదు. రాత్రంతా వెలిగి పొద్దున్నకి బ్యాటరీ సున్నా. "బ్యాటరీ పోయిందండి" అంటారు. పొడిగా ఉన్న మెత్తటి కళ్ళజోడు గుడ్డతో తుడవండి చాలు. లెన్సుకి మాత్రం శానిటైజరు, స్పిరిటు తగలనివ్వకండి, పైపూత పోతుంది. ముఖానికి ఆనుకునే ఆ ఫోమ్ ఉంది చూశారా, 2021 జులైలో చర్మం మీద దద్దుర్లొస్తున్నాయని అమెరికాలో దాదాపు 40 లక్షల ఫోమ్‌లు వెనక్కి పిలిచి, పైన తొడుక్కోవడానికి సిలికాన్ కవర్లు ఇచ్చారు. మన ఉక్కకి అది ఇంకా ముఖ్యం. కవర్ లేని పాతది వాడుతుంటే ముందు కవర్ కొనండి.

కంట్రోలర్ పనిచెయ్యట్లేదా? లోపల పెన్సిల్ సెల్ తీసి చూడండి. గోడ గడియారంలో వేసే చౌక సెల్ వేశారు, అవునా కాదా? అది గడియారానికే సరిపోతుంది, దీనికి ఆల్కలైన్ సెల్ కావాలి. నర్సాపురం, అంతర్వేది వైపు సముద్రం గాలికి సెల్ తగిలే ఆ స్ప్రింగు తుప్పు పడుతుంది, అదీ చూసుకోండి. అప్పటికీ కలవకపోతే ఫోన్ యాప్‌లో కంట్రోలర్‌ని తీసేసి మళ్ళీ జత చెయ్యండి.

ఒకాయన బొమ్మ మసకగా ఉందని రీసెట్ కొట్టాడట! మసక్కి రీసెట్ ఏంటండీ? క్వెస్ట్ 2లో లెన్సుల్ని చేత్తో పక్కకి జరపాలి, మూడు స్థానాలున్నాయి, 58, 63, 68 మిల్లీమీటర్లు. మీ కళ్ళ మధ్య దూరానికి ఏది సరిపోతే అది.

ఇప్పుడు అసలు కోపం చెప్తాను. రీసెట్ కొడితే ఏమవుతుందో ఆ రీల్ వాడు చెప్పలేదు. హెడ్‌సెట్‌లో ఉన్నదంతా పోతుంది. దింపుకున్న ఆటలు, తీసుకున్న వీడియోలు, వైఫై, అన్నీ. కొన్న ఆటలు అకౌంట్‌లో ఉంటాయి, మళ్ళీ దింపుకోవచ్చు. కానీ క్లౌడ్ బ్యాకప్, అంటే కంపెనీ సర్వర్లలో దాచుకునే నకలు, ఆన్‌లో లేకపోతే పిల్లాడు నెలలుగా దాటుకొచ్చిన లెవెళ్ళు గోవిందా. పైగా లేవగానే మెటా అకౌంట్ అడుగుతుంది, ఫోన్ యాప్‌తో జత చెయ్యమంటుంది.

మా పిన్నిగారబ్బాయి ఆ రీల్ చూసే కొట్టాడు. అకౌంట్ ఎవరిది? డల్లాస్‌లో ఉన్న బావగారిది. పాస్‌వర్డ్ ఆయనకి గుర్తులేదు, కోడ్ వెళ్ళే నంబరు ఆయన మార్చేశారు. ఇక్కడ పొద్దున్న పదకొండయితే అక్కడ అర్ధరాత్రి. పిల్లాడు హెడ్‌సెట్ ఒళ్ళో పెట్టుకుని ఏడుపు. అక్కడ ఆయన నిద్ర మానుకుని కంపెనీకి మెయిళ్ళు. ఇంతకీ మొదట వచ్చిన తేడా ఏంటని అడిగితే, "రాత్రిపూట చెయ్యి ఎగురుతోంది అన్నయ్యా" అన్నాడు. రాత్రిపూట! పగలు బాగానే ఉందట. రాత్రి వెలిగేదేంటండీ ఆ గదిలో? ట్యూబ్‌లైటు! దీనికేనా అంత గొడవ?

పోనీ హెడ్‌సెట్లు నిజంగా చచ్చిపోవా అంటే, పోతాయి. 2024 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ రోజుల్లో, మెటా అప్‌డేట్ వల్లే కొంతమంది క్వెస్ట్‌లు లేవకుండా ఆగిపోయాయి. కంపెనీయే ఆ అప్‌డేట్ ఆపి, పోయిన వాటికి బదులు ఇవ్వాల్సి వచ్చింది. చూశారా, నిజంగా పాడైనప్పుడు సంగతి అలా ఉంటుంది. పెట్టె లేవదు. మీది లేస్తోంది, ఆట ఆడుతోంది, రాత్రి మాత్రం చెయ్యి ఎగురుతోంది. అది పాడవడం కాదు.

సరే, రీసెట్ ఎప్పుడు చెయ్యాలి? లోగో దగ్గరే ఆగిపోయి ముందుకు కదలనప్పుడు. అమ్మేటప్పుడు. లోగో దగ్గర ఆగిపోయినా ముందు పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి, బలవంతంగా ఆగి మళ్ళీ లేస్తుంది, ఏమీ పోదు. తెర అస్సలు వెలగకపోతే ఓ గంట ఛార్జింగ్‌లో పెట్టండి. అటక మీద ఏడాది పడున్న బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటుంది, ప్లగ్ పెట్టగానే లేవదు. అమెరికా ఛార్జరయితే దాని మీద 100 నుంచి 240 వోల్టులని రాసుందో లేదో చూసుకోండి. రాసుంటే పిన్ను మార్చే అడాప్టర్ చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అంటగట్టే వాళ్ళ మాట వినకండి.

అన్నీ అయ్యాక కూడా రీసెట్టే గతి అయితే, అకౌంట్ పాస్‌వర్డ్ చేతిలో ఉందని నిర్ధారించుకుని, లేస్తుంటే వీడియోలు కంప్యూటర్లోకి తీసుకుని, ఛార్జింగ్ బాగా ఎక్కించి, హెడ్‌సెట్ పూర్తిగా ఆపండి. పవర్ బటనూ, వాల్యూమ్ తగ్గించే బటనూ కలిపి నొక్కి పట్టుకుంటే మెనూ వస్తుంది. వాల్యూమ్ బటన్లతో కిందకి దిగి ఫ్యాక్టరీ రీసెట్ మీద ఆగి, పవర్ బటన్‌తో ఎంచుకోవాలి. ఇంకోసారి అడుగుతుంది, అవునంటే తుడిచేస్తుంది. లేచాక అప్‌డేట్లు దింపుకుంటుంది, ఓపిక పట్టండి. కరెంటు పోతే దానికి బ్యాటరీ ఉంది గానీ మీ రౌటర్‌కి లేదు, రౌటర్‌ని ఇన్వర్టర్ మీదకి మార్చుకోండి.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా. ఆడాక తీసి అరుగు మీద, డాబా మీద, కారు డ్యాష్‌బోర్డు మీద లెన్సులు పైకి పెట్టి వదిలేస్తున్నారు. ఎండ ఆ లెన్సులోంచి దిగి లోపల తెర మీద చుక్క కాలుస్తుంది. అది ఏ రీసెట్‌కీ పోదు, తెర మార్చాల్సిందే. ఎప్పుడూ మూత గానీ గుడ్డ గానీ వేసి లోపల పెట్టండి.

ఇప్పుడు మీ వంతు. ఇవాళ రాత్రి ఫ్రీక్వెన్సీ 50 పెట్టి, ట్యూబ్‌లైటు ఆపి, అద్దం కప్పి ఆడండి. తర్వాత ట్యూబ్‌లైటు వేసి ఇంకోసారి ఆడండి. తేడా ఉందో లేదో, మీది ఏ మోడలో, ఏ ఊరో కింద రాయండి. తేడా లేదన్న వాళ్ళ గది ఫొటోలు నేనే అడిగి తెప్పించుకుంటాను, ఆయ్, ఒక్కోటీ చూసి తర్వాతి వీడియోలో మాట్లాడతాను.